శివలీల పరీక్ష రాయడానికి సిద్దిపేట పోయాను

మాదీ సిద్దిపేటదీ ఒకే జిల్లా. అయినా జహీరాబాద్ దగ్గరి మా ఊరి నుంచి అక్కడికి పోవాలంటే ముందు హైదరాబాద్ పోవాలి, పట్నం ఈ చివరి నుంచి ఆ చివరికి దాటాలి, అక్కడ ఇంకో బస్సు ఎక్కాలి. మా వాడలో సిద్దిపేట చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. తిరిగి వచ్చాక పిండిగిర్ని దగ్గర, బోరింగు దగ్గర అందరూ అడిగారు: ఎట్లుంటది, ఏం తింటరు, మనసొంటి మనుషులేనా అని. తలా ఒక ముక్క చెప్పి తప్పించుకున్నాను. పరీక్ష సంగతి అడిగినవాళ్ళకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఇప్పుడు రెండూ కలిపి రాస్తున్నాను.

శివలీల మా గోడ పక్కింటి పిల్ల. ఇరవై ఏళ్ళు ఉంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. తల్లి జగదేవి అల్లం తోటల్లో కూలికి పోతుంది. శివలీల హైదరాబాద్‌లో అంధుల బడిలో ఉండి పది పాసయింది. పాట అక్కడే పట్టుబడింది. ఇంటికి వచ్చాక జహీరాబాద్‌లో వయొలిన్ మాస్టారు ఒకాయన పిల్లను సంగీతం సర్టిఫికెట్ పరీక్షకు తయారు చేశాడు. శివలీల చదివిన ఆ బడిలోనే చిన్నపిల్లలకు సంగీతం నేర్పే టీచరు మానేస్తోందని, సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ జాగ నీకే ఇస్తామని, వేసవి సెలవులు అయ్యేదాకా ఆగుతామని అక్కడి పెద్ద మేడం కబురు పంపింది. జీతం ఉంటుంది, ఉండటానికి గది ఉంటుంది, సాయంత్రాలు సంగీత కళాశాలకు పోయి పై చదువు చదువుకోవచ్చు. కచేరీలు పాడాలన్నది ఆమె కోరిక. దానికి మొదటి మెట్టు ఇదే.

మా జిల్లాకంతా పరీక్ష సిద్దిపేటలోనే పెడతారు. అది రెండు భాగాలు. ఒకరోజు రాయాలి, ఒకరోజు పాడాలి. రెంటిలోనూ పాస్ కావాలి. శివలీల మందపు కాగితం మీద చుక్కలు పొడిచి రాస్తుంది, వేళ్ళతో తడిమి చదువుతుంది. కానీ ఆ రాత దిద్దేవాళ్ళు లేరన్నారు. ఆమె చెబుతుంటే ఇంకొకరు మామూలు అక్షరాల్లో రాయాలి. ఆ రాసే మనిషి ఆమెకంటే తక్కువ చదివి ఉండాలి, చుట్టం కాకూడదు, సంగీతం అస్సలు తెలియకూడదు. తెలిస్తే ఆ మనిషి తన సొంత తెలివి కలిపి రాస్తుందని వాళ్ళ అనుమానం.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. మా వాడలో ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టినప్పుడు పలక పట్టాను. ఇప్పటికీ మెల్లగానే రాస్తాను, ఒక్కో అక్షరం విడివిడిగా, గుండ్రంగా.

"మాణిక్యమ్మా, గీ పనికి నీ అంత సరిగ్గ కుదిరే మనిషి జిల్ల మొత్తంల దొర్కదు" అని మాస్టారు నవ్వాడు. నాకేమీ రాకపోవడం ఒకరికి పనికిరావడం అదే మొదటిసారి.

జూబ్లీ బస్టాండు

శుక్రవారం పొద్దున బయలుదేరాం. మధ్యాహ్నానికి జూబ్లీ బస్టాండులో దిగాం. మా దగ్గర రూపాయికి వచ్చే చాయ అక్కడ రెండు రూపాయలు, గ్లాసు మాత్రం సగమే. చాయ తాగుతూ నేను బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టాను. చదువుకున్నదాన్ని కదా, ఒకరిని అడగడం ఎందుకని. "సి... ద్ది..." అనేలోగా బస్సు కదిలి పోయింది. ఇంకొకటి వచ్చింది. దాని బోర్డు మీద ఊళ్ళ పేర్లు మూడున్నాయి. చివరి పేరు దగ్గరికి వచ్చేసరికి అదీ పోయింది.

"పెద్దమ్మా, సదువుడు ఆపు" అంది శివలీల. "కండక్టరు ఒర్లుతుండు, ఇను. మన ఎడమదిక్కు, చెట్ల కాడ."

ఆమె చెప్పిన వైపే పోయి ఎక్కాం.

మా ముందు సీట్లో ఒక ముసలామె ఖాళీ టమాటా బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. ములుగు నుంచి వచ్చి సరుకు అమ్ముకుని తిరిగి పోతోంది. బస్సు ఊరు దాటేలోగా ఆమె మావైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"కండ్లు మొత్తానికే కనవడయా బిడ్డా?"

"మొత్తానికే కనవడయి అవ్వ."

"అయ్యో. మరి లగ్గమెట్ల?"

"పరీక్షకు పోతున్న అవ్వ. ఒకపారి ఒక్క భయమే పెట్టు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలామె కూడా నవ్వింది గాని వదలలేదు. "దేని పరీక్ష?"

"పాట పరీక్ష."

"పాటకు పరీక్షేంది? మేం నాట్లేసుకుంట జిందగంత పాడినం. ఎవ్వడచ్చి పరీక్ష వెట్టిండు?"

"గందుకే నీకు నౌకరి రాలే అవ్వ."

ముసలామె పకపకా నవ్వి శివలీల తొడ మీద ఒక్కటి వేసింది. ములుగులో దిగేటప్పుడు కొంగు విప్పి రెండు జామకాయలు పిల్ల ఒళ్ళో పెట్టి, "మంచిగ పాడు. మా అసొంటోళ్ళది గూడ కలిపి పాడు" అని బుట్టలు ఎత్తుకుని పోయింది. ఆమె పేరైనా అడగలేదు.

అక్కడి నుంచి దారి పొడుగునా బండరాళ్ళు, మధ్య మధ్య బోరుబావుల కింద ఇంత పచ్చదనం. మా వైపు నేల నల్లగా, జిగటగా ఉంటుంది. అక్కడిది ఎర్రగా గరగరలాడుతుంది. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఆగితే శివలీల కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, "గాలి ఎండిపోయింది పెద్దమ్మా, ఈడ నీళ్ళు తక్కువనా?" అని అడిగింది. పక్కాయన "తక్కువా? లేనేలేవు" అన్నాడు.

ఖాజాబీ ఇల్లు

సిద్దిపేటలో మేము దిగింది ఖాజాబీ ఇంట్లో. మాస్టారికి తెలిసినవాళ్ళు. బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆమె మిషను కుడుతుంది, వెనక గది వచ్చేపోయేవాళ్ళకు కిరాయికి ఇస్తుంది. ఆమె మాట సగం ఉర్దూ, సగం తెలుగు. మా వైపు మాటలో కన్నడం కలిసినట్టు. శివలీల ఆమెను ఖాలా అని, అంటే చిన్నమ్మా అని పిలిచింది.

ఆ సాయంత్రం ఆమె పెట్టిన తిండి మా ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిరపకాయలు, ఉల్లాకు కలిపి, ఆ ముద్దను గిన్నె లోపలి అడుగుకు అంటించి వేళ్ళతో వత్తి, నూనె దిగడానికి మధ్య మధ్య చిల్లులు పెట్టి కాలుస్తారు. సర్వపిండి అంటారు. గిన్నె బోర్లిస్తే గిన్నె ఆకారంలోనే ఊడి వస్తుంది. శివలీల దాన్ని చేతిలోకి తీసుకుని ఆ చిల్లుల మీద వేళ్ళు పోనిచ్చింది.

"పెద్దమ్మా, ఇది నా రాత లెక్కనే ఉన్నది."

"ఏం రాసిన్నే నేను?" అంది ఖాజాబీ నవ్వుతూ.

"సదువస్తలేదు ఖాలా. అక్షరాలు మంచిగ లేవు."

"తో ఖాలే బేటా. సదువరానిది తినుడే."

తిన్నాక ఖాజాబీ తను అంచు కుడుతున్న చీర ఒకటి శివలీల చేతిలో పెట్టింది. అక్కడి సాలెవాళ్ళు నేసే గొల్లభామ చీర. అంచు పొడుగునా నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ మగ్గం మీదే నేస్తారు, అద్దకం కాదు. శివలీల గోటితో తడిమి కుండను పట్టుకుంది, తలను పట్టుకుంది, నడుము దగ్గర ఆగిపోయింది. "ఇంతమంది ఒక్కరెనక ఒక్కరు ఏడికి పోతున్నరు ఖాలా?" అని అడిగింది. ఖాజాబీ మిగతా అంచు కూడా విప్పి ఆమె ఒళ్ళో పరిచింది.

శనివారం, బడి

రాత పరీక్ష శనివారం మధ్యాహ్నం. సడకు పక్కనే పెద్ద బడి, పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. సూపరింటెండెంటు సారు గుమ్మం దగ్గరే బల్ల వేసుకుని కూర్చున్నాడు.

"రాసేటామె ఎవరు?"

"నేనే సార్."

"ఏం సదివినవమ్మా?"

"సాయంత్రం బడిల సదివిన సార్."

"సర్టిఫికెట్?"

"ఇయ్యలే సార్."

"గట్లెట్ల? రాసే మనిషి ఈ పిల్లకంటె తక్కువ సదివిందని కాగితం కావాలె. ఏ క్లాసుల ఉన్నదో హెడ్మాస్టరు రాసియ్యాలె."

"నేను ఏ క్లాసుల లేను సార్. ఎన్నడు లేకుంటి."

"లేనట్టు కాగితమేది?"

చదివినట్టు కాగితం ఇస్తారని నాకు తెలుసు. చదవనట్టు కాగితం ఎక్కడ ఇస్తారో తెలియదు. శివలీల నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెద్దమ్మ చెప్పేది నిజం సార్."

"పెద్దమ్మనా? చుట్టాలు రాయొద్దు, తెల్వదా?"

"చుట్టం కాదు సార్, గోడ పక్కిల్లు. మా వాడల అందరు నాకు పెద్దమ్మలే, చిన్నమ్మలే."

కాపలాకు వచ్చిన టీచరమ్మ అక్కడే నిలబడి ఉంది. "మా గల్లీల గూడ గంతే సార్. పాలామెను సుత అత్తమ్మ అంటం" అంది.

సారు ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "నీ పేరు, ఊరి పేరు, జిల్లా పేరు రాయి."

రాయడం మొదలుపెట్టాను. ఆయన గడియారం చూసుకున్నాడు. నేను ఇంకా ఊరి దగ్గరే ఉన్నాను. మళ్ళీ చూసుకున్నాడు. చివరికి ఆయనే నవ్వాడు. "సాలు సాలు, ఆపు. గీ రాత జూసి నీ మీద ఎవ్వడు అనుమానపడడు. సంగీతమన్న వస్తదా?"

"రాదు సార్."

"ఆది తాళమెయ్యి, చూద్దాం."

నాకు తెలిసింది భజనలో కొట్టే చప్పట్లే. అవే కొట్టి చూపించాను. వరుసలో ఉన్న పిల్లలు నవ్వారు. సారు సంతకం పెట్టాడు. "తాళం తెల్సిన మనిషినైతే కూసోనియ్యకపోదును. పోండి."

"చూసినవా పెద్దమ్మా, నాకంటె ముందు నువ్వు పాసైనవ్" అని శివలీల చెవిలో అంది.

లోపల కూర్చున్న కాసేపటికే గొడవ మొదలైంది. ఆమె జవాబు చెబితే పక్కవాళ్ళకు వినపడుతోంది. గుసగుసగా చెబితే నాకు వినపడడం లేదు. టీచరమ్మ మమ్మల్ని వరండాలోకి మార్చి, కిటికీ పక్కన బెంచీ, బల్ల వేయించింది. అక్కడ బాగానే సాగింది, నా చెయ్యి సాగినంత. శివలీల మొదట పెద్ద వాక్యాలు చెప్పింది. నేను సగంలో ఉండగానే ఆమె చెప్పడం అయిపోయి ఎదురుచూసేది. రెండో ప్రశ్న నుంచి వాక్యాలు కుదించింది. మూడో ప్రశ్నకు ముఖ్యమైన మాటలే చెప్పింది. "ఇంకా ఉన్నదిగద బిడ్డా, మాస్టారు చానా చెప్పిండు" అన్నాను. "సరిపోతది, రాయి" అంది.

అన్నిటికంటే ఎక్కువ మార్కులది చివరి ప్రశ్న. నేర్చుకున్న పాటల్లో ఒకదాన్ని స్వరాలతో రాయాలి. సరిగమల్లో ఒక్కో అక్షరం ఎంతసేపు నిలవాలో దాని పక్కన కామాలతో గుర్తు పెట్టాలి. తాళంలో ఎనిమిది లెక్కలు పూర్తయ్యే చోట నిలువు గీత గీయాలి. కామా ఒకటి తప్పితే గీత తప్పిన చోట పడుతుంది, అక్కడి నుంచి పాటంతా తప్పే. కళ్ళున్నవాళ్ళు రాసింది చూసుకుని సరిచేసుకుంటారు. శివలీల ఒక దెబ్బ వేసి, వేళ్ళు లెక్కబెట్టి, చెయ్యి తిప్పి, తొడ మీద తాళం వేసుకుంటూ మనసులో పాడుతూ చెబుతుంది. ఆమె చూసుకునేది ఆ చెయ్యే.

మొదటి వరస చక్కగా వచ్చింది. సూపరింటెండెంటు సారు అటుగా తిరుగుతూ వచ్చి ఆగాడు.

"ఆ చెయ్యేంది?"

"తాళం సార్. లెక్క తప్పకుండ."

"కిటికీల నుంచి లోపలోళ్ళు అటే చూస్తున్నరు. నీ తాళం బట్టి వాళ్ళది దిద్దుకుంటరు. చేతులు బల్ల మీద పెట్టు. కదలొద్దు, సప్పుడు రావద్దు."

"సార్, చెయ్యి లేకుంట నాకు..."

"రూల్ రూలేనమ్మా. అందరు సప్పుడు చెయ్యకుంటనే రాస్తున్నరు."

ఆయన కోపంగా అనలేదు. పోయాక టీచరమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "నేను చూడనట్టు ఉందును బిడ్డా. గని సారు మళ్ళొస్తడు. నా నౌకరి సంగతి." మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

శివలీల రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. వేళ్ళు కదులుతాయేమోనని ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కి పట్టింది. మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడే సడకు మీద డోలు మోగింది.

అది కొమురవెల్లి మల్లన్న జాతర కాలం. ఆదివారం దర్శనానికి శనివారమే బయలుదేరుతారు. పసుపు పూసుకున్న మొహాలతో, బోనాల గంపలతో ఒక జట్టు బడి ముందు నుంచి పోతోంది. ముందు డోళ్ళు, తాళాలు. వాళ్ళ దెబ్బ వేరు, శివలీల లెక్క వేరు. ఆ జట్టు పోతే ఇంకొక జట్టు వచ్చింది.

"పెద్దమ్మా, ఏడున్నం?"

"గీత గీసినంక మూడో అక్షరం కాడ."

"దాని పక్కన కామా ఉన్నదా?"

"రెండున్నయి."

"రెండెందుకున్నయి? నేను చెప్పిన్నా?"

"చెప్పినవ్ బిడ్డా."

"చెప్పలే పెద్దమ్మా." కొంచెం ఆగి, "చెప్పిన్నేమో. మొదటికెల్లి చదువు."

చదివాను. నాకు వచ్చినట్టు చదివాను: స, స, రి, మ అని, పలక మీది అక్షరాల్లా. ఎక్కడ ఎంతసేపు ఆగాలో నాకేం తెలుసు? నేను చదివినకొద్దీ ఆమె మొహం మరింత బిగుసుకుపోయింది. "వద్దు, ఆపు" అంది. చేతులు బల్ల మీదే ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి మనసులో లెక్కపెట్టుకోసాగింది. డోలు దూరమయ్యేసరికి గంట కొట్టారు. మేము రాసింది సగం. అందులో ఎంత సరిగా ఉందో ఇద్దరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఖాజాబీ ఎలా అయిందని అడిగితే శివలీల "అయింది ఖాలా" అని మాత్రం అంది.

ఆదివారం, పాట

మర్నాడు పొద్దున అదే బడిలో పాట పరీక్ష. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన శ్రుతిపెట్టె ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కరిని పిలిచి, కాసేపు విని, చాలమ్మా అని పంపేస్తున్నాడు. శివలీల వంతు వచ్చింది. నేను ఆమెను కూర్చోబెట్టి గుమ్మం బయట నిలబడ్డాను.

ఆమె పాడుతుంటే ఆయన రాసుకోవడం ఆపేశాడు. చాలు అనలేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి పాడమన్నాడు. శివలీల చెయ్యి తొడ మీద స్వేచ్ఛగా పడుతోంది, లేస్తోంది. నాకు సంగీతం తెలియదు గాని, మనిషి తన ఇంట్లో తను తిరుగుతున్నట్టు ఉందని మాత్రం తెలిసింది. వరండాలో నవ్వుకుంటున్న పిల్లలు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఎంత బాగా పాడావమ్మా! నిన్న ఎట్లా రాశావు?" అని పెద్దాయన అడిగాడు.

"రాయలేదు సార్. పాట సగంల తప్పింది."

ఆయన శ్రుతిపెట్టె ఆపాడు. "పాటకు మార్కులు వేయడం వరకే నా పని తల్లీ. రాసింది ఇంకో ఊళ్ళో ఇంకొకరు దిద్దుతారు. నీ నంబరు తప్ప వాళ్ళకు ఇంకేమీ తెలియదు" అన్నాడు. శివలీల లేచి దండం పెట్టింది.

కొమురవెల్లి

నేరుగా ఇంటికి పోదామన్నాను. "వద్దు. ఆ డోళ్ళు ఏడికి పోయినయో ఆడికి పోదాం" అంది.

కొమురవెల్లి బస్సులో నిలబడే జాగ కూడా లేదు. గుడి చిన్న గుట్టకు ఆనుకుని ఉంది. కొట్లన్నిటి ముందు పసుపు కుప్పలు. మా వైపు జాతరల్లో దేవుడి దగ్గర విభూతి పెడతారు. ఇక్కడ పసుపే. దాన్ని బండారి అంటారు, ఎదురొచ్చినవాళ్ళందరి నుదుటా పూస్తారు. నాకు ఎవరు పూశారో కూడా తెలియదు. గుడి బయట ఒగ్గువాళ్ళు, అంటే మల్లన్న పూజారులు, పట్నం వేస్తున్నారు. మల్లన్న కథ పాడుతూ పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి నేల మీద పోసి పెద్ద ముగ్గు వేస్తారు, దాన్నే పట్నం అంటారు. నేను రంగులన్నీ శివలీలకు చెప్పబోయాను. ఆమె వినలేదు. డోలు వింటోంది.

పట్నం వేసే పెద్దాయన తలెత్తాడు. "ఏంది బిడ్డా, గంత మనసు వెట్టి వింటున్నవ్?"

"నిన్న సిద్దిపేట సడకు మీదికెల్లి మీరేనా తాతా పోయింది?"

"నాకేం యాదికుంటది బిడ్డా? గా సడకు మీద పొద్దంత డోళ్ళే."

"మీ దెబ్బల నా పాట తప్పింది."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "మల్లన్న డోలు ఒకరి పాట చెడగొడ్తదా? ఏదీ, గా పాట ఈడ పాడు. మేం మాత్రం ఆపం."

డోలు అలాగే మోగుతోంది. జనం తోసుకుంటున్నారు. తొడ మీద దెబ్బ వేద్దామంటే కూర్చునే జాగ లేదు. శివలీల నా ఎడమచెయ్యి లాగి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి, తన వేళ్ళతో అందులో తాళం వేస్తూ పాడింది. ఒక దెబ్బ, చిటికెనవేలు, దాని పక్కది, ఆ పక్కది, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. చప్పుడు లేదు. పక్కనున్నవాళ్ళకు ఆమె చెయ్యి కదులుతున్నట్టు కూడా తెలియదు. నిన్న తప్పిన చోటు వచ్చింది. తప్పకుండా దాటింది. డోలు ఒక పక్క, ఆమె ఒక పక్క, పాట చివరిదాకా పోయింది.

పెద్దాయన లేచి వచ్చి ఆమె నుదుటికి బండారి పూశాడు. "ఇంకేం తప్పింది బిడ్డా?" అన్నాడు. శివలీల ఎంతో సంతోషంగా ఉంది. నేను మాత్రం నా ఎడమ అరచేతినే చూసుకుంటున్నాను.

తిరుగు బస్సు

ప్రజ్ఞాపూర్ దాకా కిటికీలోంచి బండరాళ్ళు చూస్తూ వచ్చాను. చెప్పకుండా ఉందామనుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"శివలీలా, నిన్న నా ఎడమచెయ్యి ఖాళీగనే ఉండె."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత నా కొంగు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

"బల్ల కింద" అంది.

"ఔ బిడ్డా. ఎవ్వరికి కనవడకపోవు. సప్పుడు గూడ రాకపోవు."

ములుగు వచ్చింది, పోయింది. జూబ్లీ బస్టాండులో దిగేముందు అంది: "నాకు గూడ తట్టలే పెద్దమ్మా. ఒక్కదాన్నే రాస్తున్న అనుకున్న."

ఇంటి దగ్గర

ఎండాకాలంలో ఫలితం వచ్చింది. మాస్టారు సైకిల్ మీద వచ్చి జగదేవి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. పాటలో చాలా మంచి మార్కులు. రాతలో కొద్దిలో పోయింది.

"పాటల ఎక్కువచ్చినయి గద సార్. అవి తీసి వీట్ల కలపరాదా?" అని అడిగింది శివలీల.

"కలపరు బిడ్డా."

"కొన్నే."

మాస్టారు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. జగదేవి ఏమీ అర్థం కాక ఒకసారి ఆయన మొహం, ఒకసారి నా మొహం చూసింది. బడి తెరిచే నాటికి ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. అక్కడి మేడం మంచిదే, వచ్చే ఏడాదికైనా సర్టిఫికెట్ తెచ్చుకో, పిల్లలు పెరుగుతున్నారు, ఇంకొక జాగ అడుగుతాను అని కబురు చేసింది. శివలీల చాలా రోజులు పాడలేదు. తల్లితో పాటు తోటకు పోయి, కొట్టంలో కూర్చుని అల్లానికి అంటిన మట్టి దులిపేది. ఎవరైనా పాడమంటే గొంతులోకి దుమ్ము పోయింది, బాగాలేదు అనేది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం తనంతట తనే గోడ మీదుగా పిలిచింది. "పెద్దమ్మా, పరీక్షకు మళ్ళ కడుదాం. నువ్వే రాయాలె."

అప్పటి నుంచి రోజూ కూర్చుంటున్నాం. ఆమె చెబుతుంది, నేను కుడిచేత్తో రాస్తాను, ఎడమచెయ్యి ఆమె ఒళ్ళో ఉంటుంది. నా రాత కొంచెం వేగం అందుకుంది. ఆమె లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. మళ్ళీ మంచి రోజులు వచ్చాయనుకున్నాను.

మొన్న పాట మధ్యలో ఆమెకు దగ్గు వచ్చింది. తాళం వేసే వేళ్ళు ఆగిపోయాయి. నా చెయ్యి ఆగలేదు. తర్వాతి దెబ్బకు దానంతటదే లేచి, ఆమె అరచేతిలో పడింది. ఆ తర్వాత చిటికెనవేలు. దాని పక్కది.

"పెద్దమ్మా! నీకు తాళమొచ్చింది" అని ఆమె ముందు సంతోషంగా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"సార్ ఈసారి గూడ తాళమెయ్యమంటడు."

"రానట్టే ఏస్త తియ్యి."

"తెల్సినోళ్ళు రానట్టు ఏస్తే వాళ్ళకు తెలుస్తది. పట్టుకుంటే నా పరీక్షే పోతది పెద్దమ్మా." నా చెయ్యి తీసి మెల్లగా నా ఒళ్ళో పెట్టింది.

మాస్టారు ఇంకొకరి కోసం వెతుకుతున్నాడు. చదువు తక్కువై, సంగీతం రాక, కూలి వదులుకుని సిద్దిపేట దాకా వచ్చే మనిషి ఇంకా దొరకలేదు. పరీక్ష దగ్గరికి వస్తోంది. ఇప్పుడు ఆమె సాధన మొదలుపెట్టగానే నేను లేచి మా ఇంట్లోకి పోతున్నాను. గోడ అవతలి నుంచి పాట వినపడుతూనే ఉంటుంది. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతుంటే చెయ్యి ఆ ఎనిమిది లెక్కలోనే పడుతోంది. ఆపి, పిండి మళ్ళీ ముద్ద చేసి, లెక్క తప్పేటట్టు తట్టాలని చూస్తున్నాను. రొట్టె విరిగిపోతోంది.